ఎవరి మాటకు పిట్ట ముట్టింది

అరుణమ్మ ఆ రోజు కూడా వచ్చి కూర్చుంది. ఎదురింటి మొండిగోడ నీడలో, కొంగు నెత్తిన కప్పుకుని, మా గుమ్మం వైపు చూస్తూ. ఏమీ అడగదు. నీళ్ళిస్తే తాగుతుంది. మధ్యాహ్నం పొద్దు తిరిగాక లేచి, కట్టుకున్న చీర దులుపుకుని వెళ్ళిపోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది.

ఆమె కొడుకు అంజన్న పట్నం జైల్లో ఉరి కోసం ఎదురుచూస్తున్నాడు. అతని చేతిలో చనిపోయిన రామన్న భార్య సత్తెమ్మ మా ఇంటి వెనక భాగంలో ఉంటుంది. మా ఇల్లని అంటున్నాను గాని ఇల్లు మాది కాదు. రామన్న తమ్ముడు లింగానిది. బీరంగూడలో ముందు రెండు గదులు మాకు కిరాయికిచ్చి, వెనక వాళ్ళుండేవారు. మా వారు సూర్యప్రకాశరావుగారికి పక్కనున్న సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికినప్పుడు కాకినాడ నుంచి పెట్టే బేడా సర్దుకుని ఆ గదుల్లో దిగాం. నాకు ఇక్కడి మాట నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. సత్తెమ్మ నా మాట విని నవ్వడం మానడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. అప్పటికి ఆమె నవ్వడమే మానేసింది.

జరిగింది చెబుతాను. డెబ్బై ఒకటి డిసెంబరు. పాకిస్తాన్‌తో యుద్ధం. కిటికీలకు నల్ల కాగితాలు అంటించుకుని, రేడియో చుట్టూ చేరి, ఏ విమానం చప్పుడు విన్నా గుండె చిక్కబట్టుకుని కూర్చున్న రోజులు. ఫ్యాక్టరీలోకి పోయే రైలు పట్టాల కింద ఎవరో బాంబు పెట్టారు. సామాన్ల వ్యాగన్లు రావలసిన వేళ అది. కాని అవి ఆలస్యమయ్యాయి. పట్టాలు దాటి చేనుకి పోతున్న రామన్న దాని పాలబడ్డాడు. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన గ్యాంగ్‌మన్లకు అక్కడే అంజన్న దొరికాడు. రామన్న పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన నోటి దగ్గర చెవి పెట్టి ఉన్నాడట. అదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద పనిచేసే కుర్రాడు. తుపాకీతో ప్రభుత్వాన్ని కూలదోయాలనే వాళ్ళతో కలిశాడని తర్వాత తెలిసింది. బాంబు తానే పెట్టానని ఒప్పుకున్నాడు. మనిషి చావాలనుకోలేదన్నాడు.

సంగారెడ్డి కోర్టు ఉరి వేసింది. హత్య ఒకటి, దేశం మీద యుద్ధం ఒకటి. పై కోర్టు అవునంది.

"దేశం సరిహద్దులో రక్తం కారుస్తుంటే ఇంట్లో ఉండి వెన్నులో పొడిచేవాడికి ఉరి కాక పూలదండ వేస్తారా?" అని మా వారు పేపరు మడిచి అనేవారు. పేపరు మడిచారంటే ఇంక ఆ విషయంలో మాట్లాడేది లేదని అర్థం. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పటికీ పూర్తిగా కాదనలేను. రామన్న నాకు ఊళ్ళో మొదట "ఏమమ్మా, బాగున్నవా" అన్న మనిషి. నడుము కింద ఏమీ మిగలని మనిషిని గోనెసంచిలో పెట్టి తెచ్చారు. ఆ సంచి చూసినవాళ్ళెవరికీ జాలి గురించి పాఠాలు చెప్పొద్దు.

కాని ఆ ఊళ్ళో ఉరి కోర్టు వేసింది కాదు. అంతకు ముందే పడిపోయింది. పిట్టకు పెట్టిన రోజున.

మనిషి పోయిన మూడో రోజున ఇక్కడివాళ్ళు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, కాల్చిన చోటికి తీసుకెళ్ళి, ఆకులో వడ్డించి, దూరంగా కూర్చుంటారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరే లేచి మాటిస్తారు. మా వైపూ ఇలాంటిది ఉంది గాని మా వాళ్ళు ఆకు పక్కన కల్లు పెట్టరు, అంతే తేడా.

నేనూ వెళ్ళాను. ఆకులో మాంసం, జొన్నరొట్టె, గారెలు పెట్టి పక్కన కల్లు ముంత పెట్టారు. తుమ్మచెట్టు మీద కాకి ఉంది. చూస్తోంది. దిగదు. పొద్దెక్కింది. ఈగలు ముసిరాయి. ఒక పెద్దాయన లేచి, "రామన్నా, నీ బర్లను మంచిగ అర్సుకుంటం" అన్నాడు. దిగలేదు. ఇంకొకరు, "నీ పెండ్లాన్ని ఇంట్ల నుంచి ఎల్లగొట్టం" అన్నారు. దిగలేదు. సత్తెమ్మ తల వంచుకుని కూర్చుంది.

అప్పుడు లింగం లేచాడు. దోసిట్లో నీళ్ళు పట్టాడు. "అన్నా, నిన్ను సంపినోన్ని ఉరికంబం ఎక్కిచ్చెదాంక నేను నిద్రవోను. సర్కారు ఇడిసిపెట్టినా నేను ఇడువ. గీ నీళ్ళ మీద ఒట్టు" అని నీళ్ళు వదిలాడు.

కాకి దిగింది. మాంసం ముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

అందరూ ఊపిరి పీల్చుకుని ఇళ్ళకు పోయారు. ఆ తర్వాత కోర్టులో ఏం జరిగినా ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. రామన్న అడిగాడు, పిట్ట చెప్పింది, జడ్జి రాశాడు. అంతే.

నాలుగేళ్ళు గడిచాయి. డెబ్బై ఐదులో ఎమర్జెన్సీ వచ్చింది. మా వీధిలోకి కూడా పోలీసు జీపు ఊరికే వచ్చి, ఊరికే ఆగి, ఊరికే పోయేది. జనం గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకున్నారు. ఆ రోజుల్లోనే అంజన్న కేసు వాదించిన వెంకటరామయ్య అనే వకీలు సంగారెడ్డి నుంచి వచ్చాడు. మెత్తని మనిషి. జీపు ఉందేమోనని వీధి రెండు చివరలూ చూసి లోపలికొచ్చాడు.

"సత్తెమ్మా, రాష్ట్రపతి దగ్గర అర్జీ ఒక్కటే మిగిలింది. వాడి తల్లి వేలిముద్ర వేసింది. చనిపోయినవాడి భార్య కూడా ఉరి వద్దంటే ఢిల్లీలో ఒకసారి ఆగి ఆలోచిస్తారు. నీ వేలు పడితే వాడు బతకొచ్చు. పడకపోతే నా చేతిలో ఇంకేం లేదు" అన్నాడు.

సత్తెమ్మ జవాబు చెప్పకముందే లింగం లోపలి నుంచి వచ్చాడు. అరవలేదు. లింగం అరిస్తే నాకు భయం ఉండేది కాదు.

"వకీలుసాబ్, చాయ్ తాగి పోండ్రి. మా వదినె వేలు మీ కాయిదం మీద పడితే, ఆ వేలు మల్ల ఆమె చేతికి ఉండది" అన్నాడు.

వకీలు కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నా చేతిలో ఎందుకు పెట్టాడో నాకు తెలియదు. నేను దాన్ని బియ్యం డబ్బాలో దాచాను.

మర్నాడు సత్తెమ్మ నాతో పాటు బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉన్నట్టుండి అంది:

"రత్నమ్మా, ఆ దినం పిట్ట లింగం మాటకే దిగిందంటవా?"

"అందరం చూశాం కదా."

"నేను గూడ ఒకటి అన్న. నోటితోని అనలే. మనసుల అన్న. లింగం నీళ్ళు ఇడుస్తున్నప్పుడే."

నా చేయి ఆగిపోయింది. "ఏమన్నావు?"

"మా ఆయన ఆఖరుకు ఏదో అన్నడు. ఆ పోరడు ఇన్నడు. గ్యాంగ్‌మన్లు జూసిండ్రు గద, చెవు వెట్టి ఇంటున్నడని. 'నువ్వు ఏమన్నవో నేను తెలుసుకుంట, తెలుసుకోకుండ వాన్ని సావనియ్య' అన్న. గప్పుడే పిట్ట దిగింది." చేటలో బియ్యం అటూ ఇటూ జరిపింది. "కోర్టుల జడ్జి అడిగితే గూడ పోరడు చెప్పలే. వాడు ఉరెక్కితే ఆ మాట గూడ ఉరెక్కుతది."

కాకి ఒకటే. మాటలు రెండు. ఒకటి వాణ్ణి చంపాలి, ఒకటి అప్పుడే చంపకూడదు. నాలుగేళ్ళుగా ఊరు మొత్తం ఒక మాట పట్టుకుని కూర్చుంటే, ఇంకో మాట ఈ మనిషి గుండెలో ఒంటరిగా ఉంది. కోపం కూడా వచ్చింది నాకు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని. చెబితే ఏం చేసేదాన్నో అది వేరే సంగతి.

"నన్ను జైలుకు దోల్కపో" అంది సత్తెమ్మ.

వకీలు ఎలాగో అనుమతి సంపాదించాడు. సత్తెమ్మకు కళ్ళు చూపించాలి, పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తున్నానని లింగానికి చెప్పాను. మా వారికీ అదే చెప్పాను. లింగం నా ముఖంలోకి చూసి, "కండ్లు మంచిగనే ఉన్నయి గద వదినెవి" అన్నాడు. అయినా పొమ్మన్నాడు. మేము వీధిలోకి రాగానే అరుణమ్మ గోడ నీడలోంచి లేచింది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. మా వెనకే నడిచింది. బస్సులో మేము ముందు కూర్చుంటే ఆమె వెనక, నిలబడ్డవాళ్ళ కాళ్ళ మధ్య కింద కూర్చుంది. పట్నం దాకా సత్తెమ్మ ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

జైల్లో ఇనపజాలీ అవతల అంజన్నను నిలబెట్టారు. నేను రాక్షసుణ్ణి చూస్తానని సిద్ధమై వెళ్ళాను. ఎముకలు తేలిన కుర్రాడు, గుండు చేసిన తల మీద వెంట్రుకలు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి. అదే నాకు చిరాకు కలిగించింది. రాక్షసుడైతే బాగుండేది.

సత్తెమ్మ జాలీ దగ్గరకు వెళ్ళింది. "నేనెవలో ఎరికేనా?"

తల ఊపాడు.

"మా ఆయన ఆఖరుకు నీతోని ఏమన్నడు?"

అంజన్న కళ్ళు పక్కకు తిరిగాయి. అరుణమ్మ అక్కడ నిలబడి ఉంది. "ఏమనలేదమ్మా" అన్నాడు.

"అబద్దం."

జవాను గోడకు ఆనుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు. నా నోట్లో ఒక మాట తయారై కూర్చుంది. చెప్పరా బాబూ, 'సత్తెమ్మను పైలంగ సూసుకోండ్రి' అన్నాడని చెప్పు. 'పోనియ్యి' అన్నాడని చెప్పు. నిజమో కాదో ఎవరు చూడొచ్చారు? ఒక్క మంచి మాట కల్పించి చెబితే నీ మెడ నీకు దక్కుతుంది. అతనికీ ఆ సంగతి తెలుసు. ముఖంలో కనిపించింది తెలిసినట్టు.

"చెప్పు బిడ్డా" అంది అరుణమ్మ. నేను ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. "ఆమె గింత దూరం వచ్చింది. చెప్పు."

"నీ ముంగట చెప్పలేనవ్వా."

"చెప్పు."

అతను జాలీ పట్టుకున్నాడు. "'నీ అవ్వ కడుపు కాల' అన్నడు. నా అంగి గల్ల వట్టుకున్నడు. గట్టిగ వట్టుకోని అన్నడు. మల్ల మాట్లాడలే. చెయ్యి ఇడిపిచ్చుకోని ఉరకొచ్చుండె. నేను ఉరకలే."

రామన్న గొంతు నాకు వినబడినట్టే అయింది. "ఏమమ్మా, బాగున్నవా" అన్న గొంతే.

అరుణమ్మ తల పంకించింది. "సచ్చెటోడు గద. అనాలె మరి" అంది.

తిరుగు బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం. కూకట్‌పల్లి దాటాక నాకు భయం పట్టుకుంది. ఏ మాట కోసం సత్తెమ్మ నాలుగేళ్ళు ఆగిందో ఆ మాట దొరికింది. అది లింగం మాట వైపే ఉంది. ఈ తల్లి కడుపు కాలాలని పోయినవాడే కోరుకున్నాడు. ఇంక కాకి ఎవరి మాటకు దిగిందన్న అనుమానం కూడా లేదు. పక్కన కూర్చున్న అరుణమ్మకు ఇది నాకంటే బాగా తెలిసి ఉండాలి. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది.

ఇంటికొచ్చేసరికి లింగం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మమ్మల్ని జైలు దగ్గర చూసినవాళ్ళు మాకంటే ముందే ఊరు చేరారు. అరుణమ్మ అలవాటు ప్రకారం గోడ నీడకు వెళ్ళి కూర్చుంది, నీడ ఎప్పుడో పోయినా.

"కండ్లు జూపిచ్చుకున్నవా వదినె?" అన్నాడు లింగం.

"జూపిచ్చుకున్న."

"ఆ పోరడు చెవు వెట్టి ఇన్నడు గద, ఏమన్నడంట మా అన్న?"

నేను సత్తెమ్మ చేయి పట్టుకున్నాను. చెప్పొద్దని. ఆమె నా చేయి విడిపించుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

లింగం గుమ్మానికి ఆనుకున్నాడు. అన్న మాట నాలుగేళ్ళ తర్వాత విన్నాడు కదా. తర్వాత నావైపు తిరిగి, "ఇన్నవా రత్నమ్మా? నేను నీళ్ళు ఇడిసింది ఉత్తగ గాదు. మా అన్న గదే అడిగిండు" అన్నాడు.

"ఏమడిగిండు?" అంది సత్తెమ్మ. "కడుపు కాలాలె అన్నడు. అగో, సూడు. నాలుగేండ్ల సంది నీ వాకిలి ముంగటనే కాలుతున్నది. నువ్వు దినాం బర్లు తోలుకపొయ్యేటప్పుడు సూస్తలేవా? ఇంకెంత కాలాలె? మీ అన్న అన్నది అయిపోయింది. పోరన్ని సంపుమని ఆయన అనలే. గది నువ్వన్నవు."

లింగం అరుణమ్మ వైపు చూశాడు. నాలుగేళ్ళుగా చూస్తున్న మనిషినే కొత్తగా చూశాడో, చూడలేక తల తిప్పుకున్నాడో నేను చెప్పలేను. పక్కకు జరిగాడు. సత్తెమ్మ లోపలికి నడిచింది. బియ్యం డబ్బాలోంచి కాగితం నేనే తీసిచ్చాను. మా వారి సిరా బుడ్డి నేనే తెచ్చాను. వేలు పడింది.

లింగం ఆ వేలిని ఏమీ చేయలేదు. మర్నాడు పొద్దున్నే వెనక వాకిట్లో గోడ కట్టించడం మొదలుపెట్టాడు. సత్తెమ్మ పొయ్యి గోడకు అవతల పడింది. ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె వస్తుంటే బిందెలెత్తుకుని బావి దగ్గర్నుంచి తప్పుకునేవారు, మొగుడి మాట తప్పిన మనిషని, ఆయన ఊరుకోడని. ఆమె వాకిట్లో కాకి వాలితే నేనే గబగబా వెళ్ళి తోలేసేదాన్ని. ఇంక మా వారి కోపం సంగతి చెప్పను. "నా సిరాతో" అని రెండు రోజులు అన్నం సగంలో లేచిపోయారు.

ఒకరోజు వకీలు వచ్చాడు. ఈసారి వీధి చివర చూడలేదు. చూసే ఓపిక లేనట్టుంది.

"కాదన్నారు" అన్నాడు. "ఒక్క హత్యే అయితే నీ మాటకు విలువ ఉండేదట. ఇది దేశం మీద చేసిన యుద్ధమట. దేశం మీద చేసిన నేరాన్ని క్షమించడానికి నీకు హక్కు లేదంటున్నారు."

ముందు రోజు రాత్రే జీపు వచ్చి అరుణమ్మను తీసుకెళ్ళింది. అంజన్నను ఆ రోజు తెల్లవారుజామునే ఉరి తీశారు. శవాన్ని ఊరికి తేనివ్వలేదు. పట్నంలోనే, పోలీసుల మధ్య, తల్లి చేత కానిచ్చేశారు. ఎక్కడ కాల్చారో ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

లింగం ఒట్టు తీరింది. ఆ సాయంత్రం అతను చేను నుంచి వచ్చి, బర్రెలు కట్టేసి, మొండిగోడ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "ఆమె రాలేదా?" అని నన్నడిగాడు. రాలేదన్నాను. కాళ్ళు కడుక్కోకుండానే లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున మా వారు పేపరు చదువుతుంటే సత్తెమ్మ మా ముందు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె ఎప్పుడూ మా వారి ఎదుటికి వచ్చేది కాదు. కొంగు భుజం నిండా కప్పుకుని ఉంది. ఏడవలేదు.

"సారూ, మీరు సదువుకున్నోళ్ళు. ఒక్కటడుగుత."

"అడుగు సత్తెమ్మా" అన్నారు మా వారు.

"పోరడు సంపింది నా మొగన్ని. ఎవలింటి ముంగట కూసోవాల్నో వాని అవ్వకు ఎరికాయె. వచ్చి కూసున్నది. ఎండల, వానల కూసున్నది. నేను సూడలేక మెత్తవడ్డ. ఇప్పుడేమో అది నా మీద చేసింది గాదు, దేశం మీద చేసిందంటున్నరు. మంచిది. మరి ఆ దేశం మెత్తవడాలంటే ఎవలింటి ముంగట కూసోవాలె సారూ? ముందుగాల చెప్తే అరుణమ్మను ఆడనే కూసోమని అందును గద."

"ఢిల్లీ" అన్నారు మా వారు.

"ఢిల్లీల ఎవలిల్లు?"

మా వారు నావైపు చూశారు. నేను నేల చూశాను. పేపరు ఆయన చేతుల్లో విప్పే ఉంది. సత్తెమ్మ జవాబు కోసం గుమ్మంలో అలాగే నిలబడింది.